చిలకపచ్చ, పాలకూరపచ్చ

పత్తర్‌గట్టి వెనక గల్లీల పెండ్లి కార్డులు అచ్చేసే దుకాణంల నేను నాలుగేండ్లు డిజైనర్ పని చేసిన. దుకాణం ఓనర్‌ను అందరం చాచా అనేటోళ్ళం. అరవై దాటిన మనిషి. ప్రతి శుక్రవారం గడ్డానికి మెహందీ పెట్టుకునేటోడు. శనివారం పొద్దున ఆ గడ్డం మెజెంటా డెబ్బై, ఎల్లో వంద ఉండేది. బుధవారం వరకు మెజెంటా యాభైకి దిగేది. మనుషుల గడ్డాలను సుత గిట్ల నంబర్లల్ల చూసుడు నాకు ఆ దుకాణంలనే అంటిన రోగం. ఇంట్ల చాయ్ తాగుకుంట "బాపు, ఇయ్యాల చాయ్‌ల ఎల్లో తక్కువైంది" అంటుంటి. పాలు తక్కువైనయ్ అంటున్నదనుకొని బాపు లేచిపోయి గిన్నె తెచ్చి ఇంకింత పోసేటోడు.

మాది దబీర్‌పుర, స్టేషన్ దగ్గర. నాలుగు బర్రెలు, ఒక దూడ. తాత సంది పాల యాపారమే. మా ఇంట్ల కంప్యూటర్ ముందు కూసున్న మొదటి మనిషిని నేనే. నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌ల సారు మొదటి రోజే చెప్పిండు: "స్క్రీన్‌కు ఆర్‌జీబీ, ప్రింట్‌కు సీఎంవైకే. రాసుకోండి." రాసుకున్నం. ఎందుకని ఒక్కరం అడగలె. పరీక్షల అదే రాస్తె మార్కులు సుత పడ్డయ్.

దుకాణంల చేరిన మొదటి వారం చాచాను అడిగిన. "చాచా, సీ అంటె సయాన్, ఎమ్ అంటె మెజెంటా, వై అంటె ఎల్లో. మరి నల్లదానికి కె ఎందుకు పెట్టిన్రు?"

"కాలా, బేటా" అన్నడు చాచా, గింత చిన్న ముచ్చట సుత తెల్వదా అన్నట్టు.

అది 'కీ' అనే ఇంగ్లీషు మాటల కె అని తెలిసే దాక, రెండేండ్లు నేను గదే నమ్మిన. ఒకసారి ప్రాజెక్టు పని మీద వచ్చిన కాలేజీ పిల్లలకు సుత గట్లనే చెప్పిన. వాళ్ళు సుత రాసుకున్నరు. వాళ్ళకు ఎన్ని మార్కులు వచ్చినయో నాకు తెల్వదు.

గిట్ల నా చదువు నడుస్తుండంగ మిర్చి సేఠ్ వచ్చిండు.

ఆయనది ఉస్మాన్‌గంజ్‌ల ఎండుమిర్చి టోకు యాపారం. మనిషి గల్లీ మలుపు తిరగంగనే మాకు తుమ్ములు మొదలయ్యేటియి. ఆయన షేర్వానీల, రుమాలుల, ఆఖరికి ఆయన సలాంల సుత మిర్చి ఘాటు ఉండేది. బిడ్డ పెండ్లి కుదిరింది, అయిదు వందల కార్డులు కావాలె అన్నడు. చాచా మూడు తుమ్ములు తుమ్మి, ముబారక్ చెప్పి, నా పక్కన కుర్చీ ఏసి కూసుండబెట్టిండు.

"రంగు మా బిడ్డనే పసంద్ చేసింది" అని ఫోన్ తీసిండు సేఠ్. "పెండ్లి రోజు ఏసుకునే దుపట్టా. కార్డు గదే రంగుల ఉండాలెనట. జర్రంత సుత తేడా రావద్దట."

"ఫోటో నాకు పంపుండ్రి సేఠ్ సాబ్, కంప్యూటర్‌ల తెరిచి రంగు పట్టుకుంట."

"పంపుడు నై" అన్నడు. "ఫోటోల బిడ్డ ఉన్నది, బిడ్డ దోస్తులున్నరు. ఫోటో నా ఫోన్‌లనే ఉంటది. నువ్వు దుపట్టా చూడు, చాలు."

అని స్క్రీన్ మీద బొటనవేలు అడ్డం పెట్టిండు. ఆ వేలు ఎంత లావుందంటె ఫోటోల ముప్పావు వంతు అదే ఉన్నది. మిగిలిన మూలకు దుపట్టా కొస కనవడ్డది. ఆకుపచ్చ. మామూలు ఆకుపచ్చ కాదు, కండ్లల్ల గుచ్చుకునే లేత చిలకపచ్చ.

నేను కంప్యూటర్‌ల ఒక డబ్బా గీసి రంగు నింపుడు షురూ చేసిన. సేఠ్ ఫోన్‌ను మానిటర్ పక్కకు పట్టుకొని నిలవడ్డడు. నేను ఆకుపచ్చ నంబరు పెంచుతున్న, ఆయన "ఇంక జర... ఇంక జర..." అంటున్నడు. మధ్యమధ్య నేను తుమ్మితే మౌస్ జారి రంగు గులాబీ అయితున్నది, మల్ల మొదటికొస్తున్నం. ఆఖరికి ఎరుపు సున్నా, ఆకుపచ్చ రెండు వందల ముప్ఫై, నీలం నూట పది దగ్గర సేఠ్ ఎగిరిండు.

"బస్! యహీ! తోతా రంగు!" అన్నడు. తోతా అంటె చిలక.

మానిటర్ వెలుగుకు చాచా మెహందీ గడ్డం సుత వింత రంగుకు తిరిగింది. ముగ్గురం ఖుషీ అయినం. రేపు నమూనా కార్డు ఇస్తమన్నం.

నమూనా తీసిన. మిషన్ల నుంచి కార్డు బయటికొచ్చింది. నేను చూసిన, చాచా చూసిండు.

"బేటా" అన్నడు చాచా మెల్లగ, "ఇది పాలకూర."

నిజంగ పాలకూరనే. అది సుత ఉడకబెట్టింది.

మర్నాడు సేఠ్ ఆ కార్డును వెలుతురుకు పట్టి చూసిండు, తిప్పి చూసిండు, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన సుత చూసిండు. అలవాటేమో. "బేటీ, నేను బిడ్డ పెండ్లి చేస్తున్న. పాలకూర పప్పు చేస్తలేను" అన్నడు.

"నంబర్లు మార్చి చూస్త సేఠ్ సాబ్."

మార్చిన. సయాన్ పెంచిన, తగ్గించిన. ఎల్లో వందకు తీసుకపోయిన. మెజెంటాను పూర్తిగ తీసేసిన. ఆ వారం మొత్తం పది నమూనాలు తీసిన. సేఠ్ రోజు మధ్యాహ్నం నమాజు కాంగనే వచ్చి టేబుల్ మీద వరసగ పేర్చుకొని చూసేటోడు. ముప్ఫై ఏండ్ల సంది మిర్చి రంగు చూసి రకం చెప్పే మనిషి, ఆయన కండ్లను మోసం చేసుడు కాదు. "ఇది మునగాకు. ఇది దోసకాయ తొక్క. ఇది ముక్కిన పెసలు. ఇది... ఇది ఏందో నాకు సుత తెల్వదు, కాని తినొద్దు." పది పేర్లు చెప్పిండు, తోతా ఒక్కటి చెప్పలె.

"స్క్రీన్ మీద వస్తున్నది గద? గదే కాగితం మీదికి దింపు. ఏంది కష్టం?" అని అడిగిండు.

స్క్రీన్‌కు ఆర్‌జీబీ, ప్రింట్‌కు సీఎంవైకే అన్న. ఆయన నా మొఖం చూసిండు. నేను చాచా మొఖం చూసిన. చాచా తుమ్మిండు.

ఆ ఆదివారం ఇంట్ల కూసొని ఆలోచన చేసిన. ఇంటర్నెట్‌ల చదివితే గీతలు, గోళాలు, మూడు వైపుల బాణాలు. సగం అర్థమైంది, సగం కాలె. కండ్లతోటి చూస్తె గాని నమ్మే రకం కాదు నేను. దుకాణం నుంచి కార్డులకు చుట్టే రంగు జిలేటిన్ కాగితం ముక్కలు తెచ్చుకున్న. ఎర్రది, ఆకుపచ్చది, నీలంది. నా ఫోన్, బాపు ఫోన్, అమ్మ ఫోన్ మూడింటి టార్చిల మీద ఒక్కొక్కటి రబ్బరు బ్యాండుతోటి కట్టిన. చీకటి కావాలె గనుక మా బర్రెల కొట్టం పక్కన గడ్డి ఏసే అర్రల దూరి, కిటికీకి గోనెసంచి కట్టి, తలుపు దగ్గరికి ఏసిన. ఎదురుంగ తెల్లసున్నం గోడ. మధ్యాహ్నం మూడింటికి లోపట నేను, బాపు. బాపుకు రెండు చేతులల్ల రెండు ఫోన్లు, నా చేతుల ఒకటి.

"ఇప్పుడు ఏం జేస్తున్నం బిడ్డా?"

"ఎర్రది, ఆకుపచ్చది ఒక్కతాన కొట్టు బాపు."

కొట్టిండు. రెండు వెలుగులు గోడ మీద కలిసిన జాగల పసుపు వచ్చింది. నేను చదివిందే, అయినా చూసేసరికి నోరు తెరిచిన. బాపు అయితే ఫోన్లను ఎనుకకు తిప్పి చూసిండు, ఎక్కడన్న పసుపు కాగితం దాగుందా అని.

"ఎర్రది, పచ్చది కలిస్తే మట్టి రంగు రావాలె గద?"

"అది రంగులు కలిపితే బాపు. ఇవి వెలుగులు. వెలుగు మీద వెలుగు పడితే ఇంక ఎక్కువ వెలుగు అయితది."

నా నీలం టార్చి సుత కలిపిన. నడుమల తెల్లగ అయింది. పూర్తి తెలుపు కాదు, జర గులాబీ కలిసిన పాత బనీను తెలుపు. కాని తెలుపే. ఫోన్ స్క్రీన్ల ఉండే సంగతి గిదే, సారు చెప్పిన ఆర్‌జీబీ గిదే. కనవడనంత చిన్న చిన్న దీపాలు, ఎర్రయి, ఆకుపచ్చయి, నీలంయి. ఒక్కొక్కదాన్ని సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు దాక పెంచొచ్చు, దించొచ్చు. మూడు పూర్తిగ ఎలిగితే తెలుపు. మూడు ఆరితే నలుపు. మిగిలిన రంగులన్నీ మధ్యల.

బాపుకు మస్తు నచ్చింది. ఫోన్లను దగ్గరికి, దూరం జరుపుకుంట సొంతంగ ప్రయోగాలు మొదలుపెట్టిండు. గంతల తలుపు నూకుకొని దూడ లోపటికి తల పెట్టింది. గడ్డి అర్రకు మనుషులు ఉత్తగ ఎందుకొస్తరని దాని అనుమానం. సక్కగ వచ్చి టార్చిలకు, గోడకు నడుమల నిలవడ్డది.

గోడ మీద దూడ తల నీడ పడ్డది. ఒకటి కాదు, మూడు. ఒక నీడ ఆకుపచ్చ కలిసిన లేతనీలం, అదే ఫిరోజీ, ఒకటి గులాబీ, ఒకటి పసుపు. మూడు నీడలు ఒకదాని మీద ఒకటి పడ్డకాడ నల్లగ ఉన్నది.

అవి దుకాణంల రోజు నేను చూసే మూడు ఇంకు డబ్బాల రంగులు. సయాన్, మెజెంటా, ఎల్లో. దూడ చెవి ఎర్ర వెలుగును ఆపినకాడ సయాన్ మిగిలింది. ఆకుపచ్చను ఆపినకాడ మెజెంటా. నీలాన్ని ఆపినకాడ ఎల్లో. ఇంకు చేసే పని గిదే గద! ఇంకు ఎలగదు. కాగితం మీద పడే తెల్ల వెలుగుల నుంచి ఒక ముక్కను మింగుతది, మిగిలింది మన కంటికి పంపుతది. రెండు ఇంకులు కలిపితే రెండు ముక్కలు మింగుతయ్. స్క్రీన్ రంగులు కలిపిన కొద్ది వెలుగు పెరుగుతది, ఇంకులు కలిపిన కొద్ది వెలుగు తగ్గుతది. మా మిషన్ ఆకుపచ్చ కావాలంటె సయాన్ మీద ఎల్లో ఏస్తది. రెండు సుత పూర్తి నిఖార్సు కావు, మింగొద్దన్న ఆకుపచ్చను సుత ఇంతింత మింగి కూసుంటయ్. గందుకే తోతా పోయి పాలకూర అయితున్నది.

"దొరికింది బాపు!" అని దూడ మెడను కావలిచ్చుకున్న. అది నా చేతులున్న నీలం జిలేటిన్ కాగితాన్ని నోట్లకు తీసుకున్నది. గుంజి బయటికి తీసేసరికి మాకు ఇద్దరికీ చెమటలు పట్టినయ్.

బయటికొచ్చినంక బాపు అడిగిండు, "మరి మీ కంప్యూటర్ల సాచురేషన్ అంటవు గద అప్పుడప్పుడు, గదేంది?"

"రంగు చిక్కదనం బాపు. పాలల్ల నీళ్ళు కలిపితే పలచగైనట్టు, రంగుల తెలుపో బూడిదో కలిస్తే..."

"నేను నీళ్ళు కలపలె" అన్నడు బాపు.

"నువ్వు కలిపినవని అంటలేను. ఉదాహరణ చెప్తున్న."

"ఉదాహరణకు సుత కలపలె" అని గిన్నె తీసుకొని పోయిండు. రెండు రోజులు నాతోటి సరిగ మాట్లాడలె.

సోమవారం సేఠ్‌కు అంతా చెప్పిన. ఎలిగే దీపాలు, మింగే ఇంకులు, గోడ, దూడ. ఆయన గడ్డం గోక్కుంట శ్రద్ధగ ఇన్నడు. చాచా సుత ఇన్నడు, ముప్ఫై ఏండ్ల సంది తను చేస్తున్న పని గిదా అన్నట్టు.

"అంటె ఏమంటవు? ఎలిగే వస్తువుకే తోతా రంగు ఉంటది, ఎలగని వస్తువుకు ఉండదు?"

"గట్లనే అనుకోండ్రి."

"అచ్ఛా" అని లేచిపోయిండు.

మర్నాడు పంజరం పట్టుకొని వచ్చిండు. అందుల ఒక లవ్‌బర్డ్. చిన్నది, గుప్పెడంత. తల పసుపు, పొట్ట మొత్తం నిగనిగలాడే చిలకపచ్చ. పంజరాన్ని నా కీబోర్డ్ పక్కన పెట్టి చేతులు కట్టుకొని నిలవడ్డడు.

"బేటీ, ఈ పిట్టల బల్బు ఉన్నదా?"

"లేదు సేఠ్ సాబ్."

"కరెంటు తీగ?"

"లేదు."

"మరి దీనికి ఎట్ల వచ్చింది తోతా రంగు? అల్లా దీన్ని ఆర్‌జీబీల చేసిండా, సీఎంవైకేల చేసిండా?"

చాచా నా దిక్కు తిరిగిండు. పైన జాలిగుడ్డతోటి స్క్రీన్ ప్రింటింగ్ చేసే ఇద్దరు మెట్ల మీద ఆగి చూస్తున్నరు. పిట్ట మాత్రం నా పది నమూనాలల్ల దోసకాయ తొక్క కార్డును పంజరం సందుల నుంచి లోపటికి గుంజుకొని కొరుకుడు మొదలుపెట్టింది. చాచా దాన్ని గుంజుకుందామని వంగిండు. పిట్ట కార్డు ఇడిచి గడ్డం అందుకున్నది.

"ఛోడ్! ఛోడ్ రే!" అని చాచా మొత్తుకుంటున్నడు. సేఠ్ పంజరాన్ని గుంజుతున్నడు. పంజరం ఎటు పోతె గడ్డం అటు, గడ్డం ఎటు పోతె చాచా అటు. ఈ లొల్లిల నేను ఒక పల్లికాయ పగులగొట్టి పంజరంల ఏసిన. పిట్ట ఆలోచించుకొని గడ్డం ఇడిచింది.

ఆ పిట్ట జవాబు నాకు తర్వాత చదివితే దొరికింది. దాని ఈకలల్ల ఆకుపచ్చ రంగే లేదట. ఈక లోపటి కట్టుబడి వెలుగును ఇరగ్గొట్టి నీలాన్ని వెనకకు పంపుతదట, పైన పసుపు రంగు ఉంటదట, రెండు కలిసి మనకు పచ్చగ కనవడుతదట. ఆ రోజు మాత్రం నాకు ఇదేం తెల్వదు. గదే నయం. తెలిసుంటె సేఠ్ ఆ లెక్కన సుత కార్డు చెయ్యమనేటోడు.

చాచా గడ్డం సదురుకుంట కుర్చీల కూసున్నడు. నీళ్ళు తాగిండు. పిట్ట దిక్కు చాలాసేపు చూసిండు. కోపంతోటి చూస్తున్నడనుకున్న. కాదు, రంగు చూస్తున్నడు.

"బేటా, నీ నాలుగు డబ్బాలతోటి కాదు ఇది" అని లేచి పైకి పోయిండు.

మేం పంజరం పట్టుకొని ఎనుక పోయినం. చాచా అటక మీద నుంచి మూత తుప్పు పట్టిన డబ్బా దించిండు. ఎలిగినట్టు కనవడే ఫ్లోరసెంట్ పచ్చ ఇంకు. బోర్డులకు, స్టిక్కర్లకు వాడేది. నాలుగు రంగుల మిషన్ల పడదు, చేతితోటి జాలిగుడ్డ మీద గీకి అచ్చేసుడే. చాచా గాజుపలక మీద చాకుతోటి ఇంత తీసిండు, చిటికెడు పసుపు ఇంకు కలిపిండు, కండ్లు చిన్నగ చేసుకొని పిట్టను చూసిండు, ఒక చుక్క తెలుపు ఏసిండు. నంబరు లేదు, శాతం లేదు. ఒక కార్డు మీద గీకి పంజరం పక్కన పెట్టిండు.

పిట్టకు, కార్డుకు తేడా లేదు. పిట్ట సుత రెండు అడుగులు జరిగి దాని పక్కకొచ్చి నిలవడ్డది.

సేఠ్ కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. మిర్చి వల్ల కావచ్చు, కాని నేను గట్ల అనుకోలె. ఫోన్ తీసి, బొటనవేలు పెట్టి, దుపట్టా కొసను కార్డు పక్కన పెట్టి చూసిండు. "తోతా" అన్నడు. చాచాను కావలిచ్చుకున్నడు. ఇద్దరు తుమ్మిన్రు. అయిదు వందల కార్డులు నాలుగు రోజులల్ల అచ్చేసి ఉస్మాన్‌గంజ్‌కు పంపినం.

అయిదో రోజు పెండ్లికూతురు వచ్చింది.

నల్ల బురఖా, చేతుల మా కార్డు. వెనక సేఠ్, తల దించుకొని. ఆ రోజు మాకు తుమ్ములు సుత రాలె, అంత గంభీరంగ ఉన్నది యవ్వారం.

"ఈ రంగు ఎవరు పసంద్ చేసిన్రు?" అని అడిగింది.

"మీరే గద ఆపా?" అన్న నేను.

"నేను పసంద్ చేసింది ఫిరోజీ!"

"తోతా!" అన్నడు సేఠ్. "నువ్వు పంపిన ఫోటోల తోతానే ఉన్నది! రెండు వారాల సంది చూస్తున్న నేను!"

ఆమె తన ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. సేఠ్ తన ఫోన్ తీసి పక్కన పెట్టిండు. బిడ్డనే ఉన్నది గనుక ఈసారి వేలు అడ్డం పెట్టలె. ఒకటే ఫోటో. ఆమె ఫోన్‌ల దుపట్టా తేట ఫిరోజీ. ఆయన ఫోన్‌ల చిలకపచ్చ.

నేను మొదటిసారి సేఠ్ ఫోన్‌ను వేలు లేకుంట చూసిన. ఫోటోల ఎనుక తెల్లగోడ ఉన్నది. ఆయన ఫోన్‌ల ఆ గోడ పసుపు రాసినట్టుంది. పెండ్లికూతురు దోస్తుల పండ్లు సుత పసుపే. "సేఠ్ సాబ్, మీ ఫోన్ జర ఇయ్యుండ్రి" అని తీసుకొని స్క్రీన్‌ను వేలుతోటి పైనుంచి కిందికి గుంజిన. కండ్లకు శ్రమ లేకుంట స్క్రీన్‌ను పసుపుగ చేసే బటన్ ఒకటుంటది. అది ఆన్‌ల ఉన్నది. పూర్తిగ, ఆఖరి దాక.

బటన్ నొక్కిన. మా అందరి కండ్ల ముందే తోతా దుపట్టా ఫిరోజీ అయింది.

"జాదూ" అన్నడు సేఠ్.

జాదూ కాదు. ఫిరోజీ అంటె స్క్రీన్ల ఆకుపచ్చ, నీలం రెండు దీపాలు కలిసి ఎలుగుడు. ఆ బటన్ చేసే పని నీలం దీపాలను దించుడు. నీలం పోతె మిగిలేది ఆకుపచ్చ. రెండు వారాలు నేను, చాచా, ఒక పిట్ట కలిసి తిప్పలు పడ్డది లేని రంగు కోసం.

"ఎన్ని రోజుల సంది ఉన్నది ఈ బటన్?" అని బిడ్డ అడిగింది.

సేఠ్ ఆలోచించిండు. "ఫోన్ కొన్నప్పటి సంది దునియా గిట్లనే ఉన్నది" అన్నడు. తర్వాత ఇంకేదో యాదికొచ్చినట్టు ఆయన మొఖం మారింది. "అంటె... పోయిన రంజాన్‌కు ఫోన్‌ల చూసి పసంద్ చేసిన క్రీమ్ కలర్ షేర్వానీ..."

"తెల్లది, అబ్బాజాన్" అన్నది బిడ్డ. "ఇంటికొచ్చినంక దుకాణపోడు మారిచ్చిండని వాపస్ పంపినవు."

మొదలు నవ్వింది చాచా. గడ్డం పట్టుకొని, కుర్చీ పట్టుకొని నవ్విండు. తర్వాత పెండ్లికూతురు, తర్వాత నేను. సేఠ్ అందరి దిక్కు చూసి, నవ్వాల్నా కోపం చెయ్యాల్నా తేల్చుకోలేక ఒక తుమ్ము తుమ్మిండు. దాంతోటి ఆయన సుత నవ్విండు.

"ఫిరోజీ ఎన్ని రోజులు పడుతది?" అని ఆమె అడిగింది.

చాచా మిషన్ పక్కనున్న డబ్బాను చూపిచ్చిండు. "అది సయాన్ బేటీ. మూత తీసి కాగితం తెల్లదనం జర ఉంచి నడిపిస్తె ఫిరోజీనే. రేపు తీసుకపో."

అన్ని రంగులల్ల మా మిషన్‌కు అన్నిటికంటె సులువైన రంగు అది. నేను కంప్యూటర్ దిక్కు తిరిగి కూసున్న, ఎవ్వరి మొఖం చూడలేక.

పచ్చ కార్డులు ఏం చెయ్యాలన్న ముచ్చటల తండ్రీబిడ్డలు ఒక ఒప్పందానికి వచ్చిన్రు. పెండ్లికొడుకు దిక్కు వాళ్ళకు, బిడ్డ దోస్తులకు ఫిరోజీ. ఉస్మాన్‌గంజ్ యాపారులకు తోతా. సమస్య తీరిందనుకున్నం.

పెండ్లికి నన్ను, చాచాను పిలిచిండు సేఠ్. మాకు ఏ రంగు ఇయ్యాలె అని చాలాసేపు ఆలోచించి రెండు సుత ఇచ్చిండు. నేను బాపును తోలుకపోయిన. ఏడింటికి ఫంక్షన్ హాల్ దగ్గరికి పోయేసరికి గేటు ముందట ఒకటే గుంపు. యాపారులందరు కార్డులు చేతుల పట్టుకొని పక్కనోళ్ళ కార్డులు చూస్తున్నరు. రెండు రంగులెందుకు అన్న దగ్గర మొదలై, ముచ్చట దస్తర్‌ఖాన్ మీది భోజనం దాక పోయింది. ఫిరోజీ కార్డోళ్ళకు మటన్ మరగ్ షోర్వా, పచ్చ కార్డోళ్ళకు ఉత్త బగారా అన్నం అని ఎవరో అన్నరట. అల్లం యాపారి ఒకాయన రెండు పచ్చ కార్డులు ఇస్త, ఒక ఫిరోజీ ఇయ్యమని బేరం ఆడుతున్నడు. మా చేతుల రెండు రంగులు చూసి గుంపు మా దిక్కు తిరిగింది. బాపు భయపడి కార్డులు బనీన్ల దాచుకున్నడు.

సేఠ్ ఉరికొచ్చిండు. అందరికి ఒకటే భోజనం అని కసమ్ తిన్నడు. ఎవరు నమ్మలె. ఇగ గత్యంతరం లేక ఫోన్ తీసి గేటు మెట్టు మీద నిలవడి చదువు చెప్పుడు మొదలుపెట్టిండు. "దేఖో భాయ్, ఇది ఫిరోజీ. ఇందుల రెండు దీపాలున్నయ్. ఈ బటన్ నొక్కితే నీలం దీపం దిగిపోతది. దేఖో, తోతా! మల్ల నొక్కుత, ఫిరోజీ! రెండు ఒకటే కార్డు భాయ్, ఒకటే!" మా ఇన్‌స్టిట్యూట్ సారు కంటె మంచిగ చెప్పిండు. అల్లం యాపారి "మల్ల ఒక్కసారి" అన్నడు. పదిమంది ఫోన్లు తీసి తమ బటన్లు ఎతుకుడు మొదలుపెట్టిన్రు. వాళ్ళల్ల ముగ్గురివి ఆన్‌లనే ఉన్నయ్. ఒకాయన తన ఇంటికి ఏయించిన సున్నం రంగు గురించి తలపట్టుకున్నడు.

లోపట అందరికి మరగే పెట్టిన్రు. బాపు రెండు సార్లు పోసుకున్నడు, ఫిరోజీ కార్డుకు ఒకసారి, పచ్చ కార్డుకు ఒకసారి అని.

మూడు రోజులకు ఆ అల్లం యాపారి మా దుకాణానికి వచ్చిండు. కొడుకు పెండ్లట, కార్డు పచ్చగ కావాలెనట. ఫోన్ తీయబోయిండు. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఫోన్‌ల వద్దు, ఆ రంగున్న వస్తువు ఏదన్న చేతుల పట్టుకొని రమ్మన్న. సాయంత్రం వచ్చి టేబుల్ మీద ఒక పచ్చిమిర్చి పెట్టిపోయిండు. చాచా పనిల పడి నాలుగు రోజుల దాక దాన్ని ముట్టలె. ఇంకు కలుపుదామని తీసుకునేసరికి అది సగం ఎర్రబడి ఉన్నది. చాచా దాన్ని రెండు దిక్కుల తిప్పి చూసి, ఏ దిక్కు కావాలెనో అడుగమని నన్ను ఉస్మాన్‌గంజ్‌కు తోలిండు.